గుర్రం మాంసం చూస్తే కడుపులో ఎందుకు తిప్పింది? ఒక పశువైద్యుడి సమాధానం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు చీరాల ప్రాంతం నుంచి వెళ్లి కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నారు. డిసెంబరులో మీ కజక్ సహాధ్యాయి ఇంటికి భోజనానికి వెళ్తే పెద్ద పళ్లెంలో గుర్రం మాంసం పెట్టారు. మీరు ముద్ద నోట పెట్టలేకపోయారు, ఆ ఇంటి నాయనమ్మ చిన్నబుచ్చుకుంది, మీ గదిలో ఉండే అనంతపురం కుర్రవాడు మాత్రం రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. ఆ మాంసం వల్ల ఆరోగ్యానికి హాని ఉందా అనేది మీ మొదటి ప్రశ్న. మేకనూ కోడినీ సుబ్బరంగా తినే మీకు గుర్రం అనగానే ఎందుకు వికారం పుట్టిందనేది రెండోది. ఊళ్లో మీ మేనమామ ఉబ్బసానికి గాడిద మాంసం తింటున్నా ఇంట్లో ఎవరూ తప్పుపట్టనప్పుడు గుర్రం మాత్రం తప్పెలా అయిందనేది మూడోది.

నేరుగా చెబుతాను. అక్కడ తనిఖీ ముద్ర ఉన్న దుకాణంలో కొని, బాగా ఉడికించి పెట్టిన గుర్రం మాంసం వల్ల మీకు ప్రత్యేకంగా వచ్చే హాని ఏదీ లేదు. తినకపోవడం కూడా తప్పేమీ కాదు. కానీ మీ మేనమామగారు తినే గాడిద మాంసం విషయంలో నా సలహా పూర్తిగా వేరు: దాన్ని మానిపించండి. రెండు జంతువులూ ఒకే జాతి కుటుంబానికి చెందినవే అయినా, వాటి మాంసం పళ్లెంలోకి వచ్చే దారులు వేరు కాబట్టి ఇలా అంటున్నాను. మీకు కలిగిన వికారానికి మాంసంతో సంబంధం చాలా తక్కువ. ఆ జంతువుకూ మీ ఊరికీ తరతరాలుగా ఉన్న వరసతోనే దానికి సంబంధం.

నేను పశుసంవర్ధక శాఖలో 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనే గడిచింది, అందులో కొన్నేళ్లు పురపాలక కబేళాలో మాంసం తనిఖీ చేసి ముద్ర వేసే పని చూశాను. ఏ మాంసం మంచిది, ఏది కాదు అని రోజూ తేల్చవలసిన ఉద్యోగం అది. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటంటే, జనం "ఛీ" అనే మాంసం వేరు, నేను పనికిరాదని పక్కన పడేసే మాంసం వేరు. జలగల్లాంటి పురుగులున్న మేక కాలేయాన్ని నేను పక్కన పెట్టిస్తే, "అంత చక్కటి కాలేయాన్ని పారేస్తారా" అని తిట్టిపోసేవారు. అదే మనుషులు, ఏ జబ్బూ లేని కుందేలును చూసి ముఖం తిప్పుకోవడం కూడా చూశాను.

గుర్రం సంగతికి వస్తాను. మా మేనల్లుడు మీరు చదువుతున్న ఊళ్లోనే వైద్యం చదివాడు. వాడి పట్టా ప్రదానానికి వచ్చినప్పుడు వారం రోజులు అల్మాటీలో ఉన్నాను. అందరూ కొండలు చూడటానికి వెళ్తే నేను గ్రీన్ బజారులో మాంసం వరసలు చూడటానికి వెళ్లాను, ఉద్యోగం పోయినా అలవాటు పోదు కదా. అక్కడ గొడ్డు మాంసానికి ఒక వరస, గొర్రెకు ఒకటి, గుర్రానికి ఒకటి, పందికి దూరంగా మరొకటి ఉన్నాయి. గుర్రం వరసలో కజీ అనే పదార్థం చుట్టలు చుట్టలుగా పరిచి ఉంది. పక్కటెముకల మీది మాంసాన్ని, కొవ్వుతో సహా, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి పేగులో కూరి తయారుచేస్తారు దాన్ని. కోసి చూపించిన ముక్కలో మాంసం ముదురు ఎరుపు, కొవ్వు పసుపు. ముట్టుకుంటే ఆ కొవ్వు మేక కొవ్వులా గట్టిగా పేరుకొని ఉండదు, వేలికి నూనెలా అంటుకుంటుంది. మేము చదువుకునే రోజుల్లో గొడ్డు మాంసంలో గుర్రం మాంసం కలిపారా లేదా అని కనిపెట్టడానికి చెప్పిన గుర్తులే ఇవి: కొవ్వు మెత్తగా, పచ్చగా ఉండటం, కండరంలో గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర ఎక్కువ ఉండటం. ఆ గ్లైకోజెన్ వల్లే ఆ మాంసం కాస్త తియ్యగా ఉంటుంది. పుస్తకంలో చదివిన ముక్కను 40 ఏళ్ల తర్వాత వేలితో తాకి చూశాను. తొడ మాంసం మీద పశువైద్యుడి ముద్ర కనిపించింది, బజారులోనే తనిఖీ ప్రయోగశాల ఉంది. నాకు అదే పెద్ద భరోసా.

నేను తిన్నానా అని అడుగుతారు. ఒక ముక్క తిన్నాను. రుచి బాగానే ఉంది, కానీ రెండో ముక్క మీదికి చెయ్యి పోలేదు. వృత్తి రీత్యా అన్నీ తెలిసిన నాకే అలా అయింది కాబట్టి మీ వికారాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

ఆ నేల మీద గుర్రం ఆహారం కావడానికి కారణం చలికాలం. స్టెప్పీ అనే గడ్డి మైదానాల్లో మంచు కప్పేస్తే ఆవు మేయలేదు. గుర్రం మాత్రం గిట్టలతో మంచును తవ్వి కింద ఉన్న గడ్డిని మేస్తుంది. అది తవ్విన చోట వెనకాలే గొర్రెలు మేస్తాయి. అంటే ఎండుగడ్డి వాములు వేసుకునే వీలు లేని సంచార జీవితంలో, శీతాకాలమంతా తన తిండి తాను సంపాదించుకొని ఒంటి మీద కొవ్వు నిలుపుకునే పశువు అదే. శీతాకాలం మొదట్లో దాన్ని కోసి వసంతం దాకా నిల్వ చేసుకోవడాన్ని సొగిమ్ అంటారు. ఆ మాంసం ఇంటికి రాగానే చుట్టాలను, ఇరుగుపొరుగును పిలిచి భోజనం పెట్టడం ఆచారం. మీరు డిసెంబరులో వెళ్లానన్నారు కాబట్టి, మిమ్మల్ని పిలిచింది బహుశా అలాంటి భోజనానికే. మన ఇళ్లలో కొత్త బియ్యం వచ్చినప్పుడు పరమాన్నం వండి పిలిస్తే, వచ్చినవాడు గిన్నె పక్కకు నెట్టేశాడనుకోండి, ఆ నాయనమ్మ ముఖం మీకు అర్థమవుతుంది. ఉత్తర కజకిస్తాన్‌లోని బొతాయ్ అనే చోట సుమారు 5,500 ఏళ్ల కిందటి జనావాసాన్ని తవ్వితే దొరికిన ఎముకల్లో అత్యధికం గుర్రాలవే. ఆ గుర్రాలు పూర్తిగా మచ్చికైనవా కాదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు, వాటిని తిన్నారన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

ఇప్పుడు మన వైపు చూడండి. మన దక్షిణాది వేడికీ తేమకూ మంచి గుర్రాలు పుట్టి పెరగడం కష్టం. విజయనగర రాజులు అరబ్బు, పారశీక గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకొని, పోర్చుగీసు వర్తకుల దగ్గర బంగారం పోసి కొనేవారు. అంత ఖరీదు పెట్టి కొన్న జంతువును కూరకు కోయాలని ఎవరికీ తోచదు. గుర్రం మనకు రాజుగారి వాహనం, పెళ్లికొడుకు వాహనం, చివరికి జట్కా బండి లాగే బతుకుతెరువు. మందలు మందలుగా దాన్ని చూసిన అనుభవం మన పల్లెకు ఎన్నడూ లేదు. అశ్వమేధంలో గుర్రాన్ని బలి ఇచ్చేవారు కదా అని ఒకరిద్దరు నాతో వాదించారు. నిజమే, కానీ అది చక్రవర్తి జీవితంలో ఏ ఒక్కసారో చేసే యజ్ఞం, ఆదివారం కూర కాదు.

ప్రేమగా పెంచుకున్న జంతువును తినలేం, అందుకే ఈ నిషేధాలన్నీ అని చాలామంది తేలిగ్గా చెప్పేస్తారు. ఈ మాట నాకు ఎప్పుడూ పూర్తిగా రుచించలేదు. గోదావరి జిల్లాల్లో పందెం పుంజును చూడండి. దానికి పేరు పెడతారు, బాదంపప్పు తినిపిస్తారు, ఈత కొట్టిస్తారు, ఒళ్లో పెట్టుకొని నిమురుతారు. సంక్రాంతి బరిలో అది పడిపోయిన సాయంత్రానికి దాని కూర కోసం స్నేహితులు పోటీ పడతారు. ప్రేమ ఉంది, తినడమూ ఉంది. కాబట్టి ఒక జంతువు ఏ వరసలోకి వస్తుందో దాన్ని పెంచిన మనిషి మనసు తేల్చదు, ఆ మనిషి పుట్టకముందే ఊరు తేల్చి ఉంచుతుంది. కోడికి ఆ వరసలో కూర అయ్యే చోటు ఉంది, గుర్రానికి లేదు, అంతే.

గాడిద కథ దీనికి తలకిందులు. గుర్రాన్ని తినకపోవడానికి కారణం దాని గొప్పతనమైతే, గాడిదను తినకపోవడానికి కారణం దాని హీనత. జ్యేష్ఠాదేవి వాహనం, చాకిరేవు బట్టల మూట మోసేది, ఇటుక బట్టీ దగ్గర మట్టి మోసేది. ఎదిగిన కొడుకును "అడ్డగాడిద" అని తిడతాం, ఎడతెగని పనిని గాడిద చాకిరీ అంటాం, ఎంత గొప్పవాడైనా అవసరానికి లొంగక తప్పదని చెప్పడానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటాం. అటువంటి జంతువు మాంసం మరి బాపట్ల, ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో ఎలా అమ్ముడుపోతోంది?

దీనికి నేను కళ్లారా చూసిన ఒక ఉదయం గురించి చెప్పాలి. రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు, ఒక పట్టణం శివారులో అక్రమంగా గాడిదలను కోస్తున్నారని ఫిర్యాదు వస్తే పోలీసులతో కలిసి వెళ్లాను. ఆదివారం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కాలువ గట్టు మీద నీలం టార్పాలిన్ కింద తాటిమొద్దు, దాని మీద కత్తి, పక్కన త్రాసు. నేల మీద చిమ్మిన నీళ్లు కాలువలోకి ఎర్రగా జారుతున్నాయి. తుమ్మచెట్టుకు కట్టేసిన రెండు గాడిదలు ఈ గొడవతో సంబంధం లేనట్టు నిలబడి ఉన్నాయి. ఒకదాని వీపు మీద జీను రాపిడికి పడిన పాత పుండు, దాని మీద ఎవరో పసుపు పూసిన గుర్తు. కొనడానికి వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది. ఒక ఆటో డ్రైవరు, స్టీలు టిఫిన్ క్యారియరు పట్టుకున్న ఒక పెద్దావిడ, మోటారు సైకిలు మీద పక్క ఊరి నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. పోలీసులను చూసి కుర్రాళ్లు జారుకున్నారు. పెద్దావిడ మాత్రం కదలలేదు. "కూరకు కాదు బాబూ, మా ఆయనకు ఆయాసం, మందుకు" అంది. ఆటో డ్రైవరూ అదే మాట, నడుం నొప్పికి మందు అన్నాడు. ఆ ఉదయం నేను అడిగినవాళ్లలో రుచి కోసం కొంటున్నామని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ "మందు" అన్న మాటే మీ మూడో ప్రశ్నకు తాళంచెవి. మన ప్రాంతంలో నిషిద్ధమైన మాంసమంతా ఇంట్లోకి వచ్చేది ఆ ఒక్క గుమ్మం గుండానే. నడుం నొప్పికి ఉడుము, మొలలకు నత్తలు, ఉబ్బసానికి గబ్బిలం, ఉబ్బసానికే గాడిద. రుచి కోసం తింటే ఆ మనిషి ఎవరు, ఏ కులంవాడు అన్న ప్రశ్న లేస్తుంది. జబ్బు కోసం తింటే లేవదు. మందుకు కులం లేదు. మన పాత గ్రంథాల్లోనూ ఈ సందు ఉంది: భారతం శాంతిపర్వంలో 12 ఏళ్ల కరువులో విశ్వామిత్రుడు చండాలుడి ఇంట్లో కుక్క తొడను దొంగిలించబోతే, వద్దని ధర్మం చెప్పేవాడు ఆ చండాలుడు, ప్రాణం నిలుపుకోవడం ముందు అని వాదించేవాడు ఆ మహర్షి. ఆపద్ధర్మం అనే పేరుతో పెద్దవాళ్లు ఎప్పుడో వదిలిపెట్టిన సందును, మన వాళ్లు ఆయాసానికీ నడుం నొప్పికీ వాడుకుంటున్నారు. అందుకే మీ ఇంట్లో మేనమామగారిని ఎవరూ తప్పుపట్టలేదు. ఆయనే రేపు "కూర బాగుంది, ఇంకో కిలో తెస్తాను" అని అంటే ఏమవుతుందో చూడండి.

గాడిద రక్తం తాగి సముద్రపు ఒడ్డున ఇసుకలో పరిగెత్తితే ఎవరికీ దొరకనంత వేగం వస్తుందని పూర్వం దొంగలు నమ్మేవారన్న కథ కూడా ఆ తీరంలో వినిపిస్తుంది. ఆ కథను కొన్ని కులాల నెత్తిన రుద్ది చెప్పడం నాకు ఇష్టముండదు. కానీ బలం, దమ్ము, ఊపిరి గాడిద మాంసంతో వస్తాయన్న నమ్మకం ఎక్కడి నుంచి పుట్టిందో అది చెబుతుంది. ఎంత బరువు వేసినా రొప్పకుండా నడిచే జంతువును తింటే మనకూ రొప్పు తగ్గుతుందన్నది ఆ తర్కం. వినడానికి ముచ్చటగా ఉంటుంది, ఊపిరితిత్తులకు మాత్రం అది తెలియదు.

ఆ నమ్మకానికి మూల్యం మా ఇంట్లోనే చెల్లించాం. మా మామగారికి ఉబ్బసం. ఇన్‌హేలరు అలవాటైపోతుందని భయపడి, బంధువులు తెచ్చిచ్చిన గాడిద మాంసం తింటూ ఒక చలికాలమంతా దాన్ని పక్కన పెట్టేశారు. నాకు చెప్పలేదు, అల్లుడు పశువుల డాక్టరు, అడ్డం పడతాడని. జనవరిలో ఒక రాత్రి పెదవులు నీలం తిరిగి ఆసుపత్రిలో చేరాల్సివచ్చింది. బతికి బయటపడ్డారు. మాంసం ఆయనకు హాని చేయలేదు, మాంసం మీద నమ్మకంతో మానేసిన మందు చేసింది. మీ మేనమామగారి గురించి నేను గట్టిగా చెప్పడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం పూర్తిగా వృత్తికి సంబంధించినది. గుర్రాలకూ గాడిదలకూ గ్లాండర్స్ అనే జబ్బు వస్తుంది. ముక్కు నుంచి చీము కారడం, చర్మం మీద వరసగా పుండ్లు పడటం దాని లక్షణాలు. బర్ఖోల్డేరియా మల్లై అనే బాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు మనుషులకూ అంటుతుంది, ప్రాణాంతకం కూడా. మన దేశంలో ఇప్పటికీ అప్పుడప్పుడు బయటపడుతూనే ఉంది. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో రక్తపరీక్ష చేసి, జబ్బు ఉందని తేలితే ఆ జంతువును చట్టప్రకారం చంపి పూడ్చేయాలి, వైద్యం చేయకూడదు. మాంసం ఉడికితే ఆ క్రిమి చస్తుంది, కానీ కోసేవాడికి, కడిగేవాడికి, ఇంట్లో పచ్చి మాంసం ముక్కలు చేసే ఆడవాళ్లకు ఆ రక్షణ లేదు. కాలువ గట్టు మీద కోసే గాడిదను ఎవరు పరీక్షించారు?

మూడోది, మా చేతుల మీదుగా జరిగేదే. కుంటుతున్న గాడిదకు, గుర్రానికి నొప్పి తగ్గడానికి ఫెనైల్‌బ్యూటజోన్ ఇస్తాం. తిండికి కోసే జంతువుకు ఆ మందు ఇవ్వకూడదు, ఎందుకంటే దాని అవశేషాలు కొద్దిమంది మనుషుల్లో రక్తకణాల ఉత్పత్తిని దెబ్బతీయగలవు. 2013లో ఐర్లండు, బ్రిటన్‌లలో గొడ్డు మాంసం అని అమ్మిన పదార్థాల్లో గుర్రం మాంసం బయటపడి అంత గొడవ జరిగినప్పుడు, అధికారులు పరుగులు పెట్టి వెతికింది ఈ మందు కోసమే. జనం మాత్రం "మాకు గుర్రం తినిపిస్తారా" అన్న అసహ్యంతోనే రగిలిపోయారు. నేను ఇటుక బట్టీల దగ్గర గాడిదలకు ఈ ఇంజెక్షను ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. అవి బరువు మోసే జంతువులు, ఎవరూ తినరన్న లెక్కతో వేశాను. వాటిలో కొన్ని ఆ తర్వాతి వారమే టార్పాలిన్ కిందికి చేరి ఉంటాయన్న ఆలోచన నన్ను చాలాకాలం వెంటాడింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన ఆహార భద్రత నిబంధనల్లో మాంసానికి కోయదగిన జంతువుల జాబితాలో గొర్రె, మేక, పంది, గో మహిష జాతులు, కోళ్లవంటి పక్షులు ఉన్నాయి. గో మహిష జాతుల విషయంలో రాష్ట్రాల చట్టాలు వేరే. గాడిద ఆ జాబితాలో లేదు, గుర్రమూ లేదు. జాబితాలో లేదు కాబట్టి లైసెన్సు ఇచ్చే కబేళా ఉండదు, కబేళా లేదు కాబట్టి నాలాంటివాడి తనిఖీ ఉండదు. ఉడుము విషయం ఇంకా కఠినం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. నడుం నొప్పి తగ్గడం అటుంచి, నడుమే విరుగుతుంది.

పైగా గాడిదలు ఎన్ని మిగిలాయని? 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3 లక్షల 20 వేలున్నవి, 2019 నాటికి దాదాపు లక్షా 24 వేలకు పడిపోయాయి. అంటే ఏడేళ్లలో 61 శాతం తగ్గాయి. ఆటోలు, ట్రాక్టర్లు వచ్చి పని పోవడం ప్రధాన కారణం, మాంసం దాని మీద పోటు. మన దగ్గర సరిపోక పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో తెస్తున్నారు. చైనాలో గాడిద చర్మాన్ని ఉడికించి తీసే ఎజియావో అనే మందుకు గిరాకీ పెరిగి ఆఫ్రికాలో గాడిదలు తరిగిపోతుంటే, 2024లో ఆఫ్రికన్ యూనియన్ చర్మం కోసం వాటిని కోయడాన్ని నిషేధించింది. అక్కడా కథ మందుతోనే మొదలైందని గమనించండి. చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో మాత్రం గాడిద మాంసాన్ని రొట్టెలో పెట్టి బహిరంగంగా, రుచి కోసమే తింటారు. ఆకాశంలో డ్రాగన్ మాంసం, భూమ్మీద గాడిద మాంసం అని వాళ్ల సామెత.

మతాలు ఈ విషయంలో ఏమన్నాయో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. 732లో పోపు మూడో గ్రెగొరీ గుర్రం మాంసం తినడాన్ని అసహ్యకరమైన పని అంటూ ఖండించాడు, అది పాత జర్మన్ దేవతల బలులతో ముడిపడి ఉండటమే అసలు కారణం. 1000వ సంవత్సరం ప్రాంతంలో ఐస్‌లాండ్ క్రైస్తవం స్వీకరించినప్పుడు మాత్రం గుర్రం మాంసం తినే వెసులుబాటు అడిగి మరీ పెట్టుకుంది, చలి దేశం అవసరం అలాంటిది. ఇస్లాంలో పెంపుడు గాడిద నిషిద్ధం, గుర్రం మీద మాత్రం అభిప్రాయభేదాలున్నాయి. అందుకే ముస్లింలైన కజక్‌లు గుర్రాన్ని నిశ్చింతగా తింటారు, గాడిద అంటే మీకంటే ఎక్కువ ముఖం చిట్లిస్తారు. మీ స్నేహితుడిని అడిగి చూడండి. ఫ్రాన్సులో 1866లో గుర్రం మాంసం దుకాణాలకు అనుమతి రావడం వెనక ఎమిల్ దెక్రువా అనే సైనిక పశువైద్యుడి ప్రచారం ఉంది. పేదలకు చవకగా మాంసం దొరుకుతుందనీ, ముసలి గుర్రాలను చచ్చేదాకా బండికి కట్టి కొట్టడం తగ్గుతుందనీ ఆయన వాదన. మా వృత్తివాడు కాబట్టి ఆయన మీద నాకు కొంచెం అభిమానం.

ప్రచారంతో మాంసాన్ని అలవాటు చేయడం అన్నిచోట్లా కుదరదనడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది: ఈము. 1990ల తర్వాత మన రాష్ట్రంలో ఈము పక్షుల పెంపకం వెర్రిలా వ్యాపించింది. కొవ్వు తక్కువ, గుండెకు మంచిది అన్నారు. నిజంగానే తక్కువ. మత నిషేధం లేదు, కుల నిషేధం లేదు, చెడ్డ పేరు లేదు. నా పరిధిలోనే అప్పట్లో నాలుగు ఫారాలుండేవి. రైతులు పిల్లల్ని, గుడ్లను ఒకరికొకరు అమ్ముకున్నంతకాలం లాభాలే. పిల్లలు కొనే కొత్త రైతు దొరకని రోజున, మాంసం కొనేవాడు అసలు ఎన్నడూ లేడన్న సంగతి బయటపడింది. ఒక రైతు ఆదివారం సంతలో ఈము మాంసం అమ్మకానికి పెట్టాడు, నేనే తనిఖీ చేసి ముద్ర వేశాను. జనం మూగారు. చూశారు, ఈక ఒకటి అడిగి పట్టుకెళ్లారు, పక్కకు పోయి నాటుకోడి కొనుక్కున్నారు. సాయంత్రానికి అమ్ముడైంది రెండు కిలోలు. 2012, 2013 నాటికి మేత ఖర్చు భరించలేక పక్షులను వదిలేసినవాళ్లు ఉన్నారు. ముద్ర ఉన్న ఈము మిగిలిపోయింది. ముద్ర లేని గాడిద, పోలీసుల భయం ఉన్నా, కిలో ఆరు వందలకు తెల్లవారేలోగా అయిపోయేది. ఈముకు మన ఊళ్లో ఏ వరసా లేదు. పండగ లేదు, మొక్కు లేదు, సామెత లేదు, జబ్బు కూడా లేదు. ఆ రైతు నాతో "సార్, ఇది మోకాళ్ల నొప్పులకు మందని ఒక్క మాట రాసివ్వండి, చాలు" అన్నాడు. నవ్వాను గానీ, జనాన్ని అతను నాకంటే బాగా చదివాడు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే వికారం మాంసం మీద ఆగదు, తినే మనిషి మీదికి పోతుంది. డెల్టాలో వరి పొట్టకొచ్చే రోజుల్లో ఎలుకలు పట్టడానికి యానాదులను పిలుస్తారు. చిల్లు పెట్టిన కుండలో గడ్డి రాజేసి, కలుగు మూతికి ఆనించి పొగ ఊదితే ఎలుకలు లోపలే సొమ్మసిల్లుతాయి. ఎలుకకు ఇంతని రైతు లెక్కకట్టి ఇస్తాడు, పంట దక్కుతుంది. రైతు గింజలే తిని బలిసిన ఆ పొలం ఎలుకను వాళ్లు కాల్చుకొని తింటారు. మురుగుకాలువ ఎలుక కాదది. అయినా గట్టు మీద వాళ్ల గిన్నె దగ్గరికి రైతు కూలీలెవరూ పోరు. అదే పొలంలో, అదే వరి గింజ తిన్న పిట్టను వల వేసి పట్టి వేయిస్తే మాత్రం అందరూ చెయ్యి చాపుతారు. మాంసం తేడానా ఇది? మీ గదిలోని అనంతపురం కుర్రవాడిని గుర్రం తిన్నందుకు ఎవరైనా ఎగతాళి చేస్తుంటే, దయచేసి మీరు అందులో కలవకండి. అతను ఆ నాయనమ్మ గౌరవం నిలబెట్టాడు.

ఇక మీరు చేయవలసింది. మళ్లీ పిలిస్తే, పళ్లెం ముందు కూర్చున్నాక కాదు, పిలిచిన రోజునే స్నేహితుడికి చెప్పండి: మా ఇంట గుర్రం తినే అలవాటు లేదు, మిగతావన్నీ తింటాను అని. మతం మీద గానీ డాక్టరు మీద గానీ అబద్ధం పెట్టకండి, వైద్య విద్యార్థి అబద్ధం వాళ్లు ఇట్టే పట్టేస్తారు. పెద్ద పళ్లెంలో మాంసం కింద పరిచే పిండి రేకులు, బంగాళాదుంపలు ఆ గుర్రం రసంలోనే ఉడుకుతాయి, తెలియక వాటిని వడ్డించుకొని తర్వాత బాధపడకండి. బౌర్సాక్ అని నూనెలో పొంగించిన పిండి ఉండలు పెడతారు, మన బోండా లోపల ఏమీ లేకుండా ఉన్నట్టు ఉంటాయి. వాటినీ, రొట్టెనూ, పాలు పోసిన టీనీ తీసుకోండి. వచ్చినవాడు కనీసం రొట్టె ముక్క అయినా నోట వేసుకోకుండా వెళ్లకూడదన్నది వాళ్ల మర్యాద, అది పాటిస్తే నాయనమ్మ మనసు కుదుటపడుతుంది. తినాలనిపిస్తే తినండి, కానీ ఊరి నుంచి ఎవరో తెచ్చారని చెప్పే ఎండబెట్టిన, సరిగ్గా ఉడకని ముక్కలు వద్దు. ఫ్రాన్సు, ఇటలీలలో పచ్చి గుర్రం మాంసం వల్ల ట్రైకినెల్లా అనే పురుగు మనుషులకు సోకిన సందర్భాలున్నాయి. ముక్క లోపలి దాకా 71 డిగ్రీల వేడి తగిలితే ఆ భయం ఉండదు, బేష్‌బర్మాక్ అనే ఆ పెద్ద పళ్లెం వంటకానికి మాంసాన్ని గంటల తరబడి ఉడికిస్తారు కాబట్టి అక్కడ చింత లేదు.

మేనమామగారికి ఈ వారమే ఫోను చేయండి. గాడిద మాంసం గురించి ముందు ఎత్తకండి, వాదనకు దిగుతారు. ఇన్‌హేలరు వాడుతున్నారా, ఎన్ని పూటలు, ఆఖరిసారి ఎప్పుడు పీల్చారు అని అడగండి. జవాబులో తడబాటు వినిపిస్తే, చలి ముదరకముందే ఆయనను ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని మీ అమ్మగారికి చెప్పండి.